మారువేషంలో మలేరియా

మధ్య అండమాన్ అడవుల్లో సహజంగా కోతులు లేవు. మాయాబందర్‌కు 500 కిలోమీటర్లకు పైగా దక్షిణాన, కచ్చల్, లిటిల్ నికోబార్, గ్రేట్ నికోబార్ దీవుల్లో మాత్రం పొడవు తోక కోతులున్నాయి. ఓడెక్కి కూలికి వెళ్లొచ్చే మనిషికి ఆ దూరం ఒక లెక్క కాదు. అతని రక్తంలో కూర్చుని వచ్చే పరాన్నజీవికి అసలే కాదు.

దాని పేరు ప్లాస్మోడియం నోలెసి. కోతుల మలేరియా. 1930ల ఆరంభంలో కలకత్తాలో, సింగపూర్ నుంచి తెచ్చిన కోతిలో దీన్ని గుర్తించారు. మనిషికీ అంటుతుందని 1932లోనే ప్రయోగాల్లో తేలినా, దశాబ్దాలపాటు డాక్టర్లు దీన్ని కోతుల గొడవ కిందే జమకట్టారు. ఎందుకంటే మైక్రోస్కోపు కింద ఇది లేత దశలో ఫాల్సిపారంలా, ముదిరాక మలేరియే రకంలా కనిపిస్తుంది. 1897లో సికింద్రాబాద్‌లో రోనాల్డ్ రాస్‌కు దోమ కడుపులోని గుట్టు చూపించిన పరికరం ఈ మారువేషం ముందు చేతులెత్తేసింది.

గుట్టు విప్పింది డీఎన్ఏ. మలేసియాలోని సరవాక్‌లో బల్బీర్ సింగ్ బృందం 208 మంది మలేరియా రోగుల రక్తాన్ని పీసీఆర్‌తో పరీక్షిస్తే 120 మందిలో నోలెసి బయటపడింది. ఆ ఫలితాలు 2004లో వచ్చాయి. స్లైడు చూసి మలేరియే అని రాసుకున్న కేసులెన్నో నిజానికి ఇవే. పేరు మారితే ఏమిటంటారా? మలేరియే 72 గంటలకోసారి సంతతి పెంచుకుంటే, నోలెసికి 24 గంటలు చాలు. క్లోరోక్విన్‌కు లొంగుతుంది. మందుంది, వ్యవధే లేదు.

అండమాన్ నికోబార్ రోగుల రక్తంలోనూ నోలెసి డీఎన్ఏ కనిపించిందని 2013లో ఒక అధ్యయనం వెల్లడించింది. అయితే డీఎన్ఏ పరీక్షనూ గుడ్డిగా నమ్మలేం. తొలినాళ్లలో వాడిన ప్రైమర్లు ఒక్కోసారి వైవాక్స్‌ను కూడా నోలెసిగా చూపిస్తున్నాయని 2009లో తేలింది. అందుకే రెండో పరీక్షతో సరిచూసుకోవాలి.

ఇదంతా ఇప్పుడెందుకు? గ్రేట్ నికోబార్‌లో ఓడరేవు, విమానాశ్రయం, టౌన్‌షిప్ కోసం సుమారు 130 చదరపు కిలోమీటర్ల అడవిని కేటాయించే ప్రాజెక్టుకు 2022లో పర్యావరణ అనుమతి లభించింది. అడవి నరికిన ఊళ్ల చుట్టూ నోలెసి కేసులు పెరిగాయని మలేసియాలోని సబాలో ఇప్పటికే చూశారు. మనుషుల మలేరియాను 2018 నాటికి స్థానికంగా సున్నాకు తెచ్చిన ఆ దేశంలో కోతుల మలేరియా ఏటా వేలల్లోనే ఉంటోంది. 2030కల్లా మలేరియాను నిర్మూలిస్తామంటున్న మనం ఆ లెక్క చూడకపోతే ఎలా?

ఖర్చు కూడా పెద్దదేమీ కాదు. దక్షిణ దీవుల నుంచి జ్వరంతో దిగినవారి రక్తపు చుక్కను ఫిల్టర్ పేపరు మీద ఆరబెట్టి పీసీఆర్ ఉన్న ల్యాబ్‌కు పంపాలి. ఫలితం వచ్చేదాకా వైద్యం మాత్రం ఆపకూడదు.