తుప్పుపట్టిన బోల్టుకు గడువీయవలెను

ఉత్తరపారా కర్మాగారమున అంబాసిడరు నిర్మాణము 2014లో నిలిచిపోయిన నాటినుండి, ఆ బండి గేరుబాక్సును విప్పుట మునుపటివలె సామాన్యమైన మరమ్మతని తలచుటకు వీలులేదు. ఏలయన, లోపలి గేరు అరిగినచో మరియొక పాతబండినుండి తెచ్చి వేయవచ్చును గాని, పైనున్న పోతపెట్టె చీలినచో క్రొత్తది పంపు కర్మాగారము లేదు. అట్టి పెట్టెలు చెడుటకు కారణము పెక్కుసార్లు గేర్లు కావు. విప్పునప్పుడు మొరాయించిన ఒక్క బోల్టును, దానిమీద మనము చూపిన తొందరయును. ఈ తొందరకు మెకానికును నిందించుట న్యాయము కాదని నా దృఢాభిప్రాయము. ఉదయము బండి నప్పగించి సాయంకాలమునకే కావలెననువాడును, ఊడిన బోల్టునకే గాని నానుచున్న బోల్టునకు కూలి యియ్యనివాడును యజమానియే.

ఇనుము తుప్పుగా మారునప్పుడు మునుపటికంటె ఎక్కువ చోటు నాక్రమించును. మరచుట్ల నడుమ వెంట్రుకవాసి సందు మాత్రమే యుండుటచే, ఆ పెరిగిన తుప్పు బోల్టును నలుదెసలనుండి నొక్కిపట్టును. అల్యూమినియపు పెట్టెలో ఉక్కు బోల్టున్నచోట మరియొక చిక్కు కలదు: తేమ తగిలిన ఆ రెండు లోహముల నడుమ విద్యుద్రసాయనిక చర్య జరిగి, అల్యూమినియము తెల్లని పొడిగా క్షయించి చుట్లను పూడ్చివేయును. విశాఖపట్టణము, కాకినాడ వంటి సముద్రతీరపు ఊళ్ళలో తిరిగిన బండ్లకు ఉప్పుగాలి తోడగుటచే ఈ వ్యాధి మరింత తీవ్రము. కావున చుట్లలోనికి చొరబడు పలుచని నూనె పోసి, రాత్రియంతయు విడిచి, తెల్లవారి తలపై సుత్తితో తట్టి, మరల నూనె పోయుట సోమరితనము కాదు. పనిలో ముఖ్యభాగ మదియే. కదలిక మొదలైన పిదపనైనను ఒకేదిక్కున లాగక, రవంత విప్పి, రవంత బిగించి, తుప్పుపొడిని వెలికి రానీయవలెను.

పానా విషయమున మన షెడ్లలో జరుగు అపచారము నాకు మిక్కిలి బాధ కలిగించును. అంబాసిడరునకు మాతృక మారిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ శ్రేణి బండి. ఆ కాలపు బ్రిటిషు బోల్టులు అంగుళపు కొలతలవి. అర అంగుళమనగా 12.7 మిల్లీమీటర్లు. చేతికందిన 13 నంబరు పానా దానిపై చక్కగా కూర్చున్నట్లే తోచును గాని, ఆ 0.3 మిల్లీమీటరు వదులువలన బలమంతయు మూలలమీదనే పడి, బిగిసిన బోల్టు తల గుండ్రనైపోవును. అటుపిమ్మట ఉలి, దానితో పెట్టెకు గాటు. సరియైన కొలతగల ఆరుమూలల సాకెట్టు వెల, విరిగిన పెట్టెతో పోల్చిన నెంత!

వేడిమి నుపయోగించుటలోను వివేకము కావలెను. ఒకే వేడికి అల్యూమినియము ఉక్కుకంటె దాదాపు రెండింతలు వ్యాకోచించును గనుక, అట్టి పెట్టెలో బోల్టును గాక దాని చుట్టునున్న పెట్టెను వెచ్చచేసినచో పట్టు సడలును. అయితే గేరు నూనె, పెట్రోలు గొట్టము, రబ్బరు సీళ్ళు దాపుననే యుండును. క్లోరినుగల ద్రావకములతో తుడిచినచోట మంట తగిలినచో ఫాస్జీనను విషవాయువు పుట్టును. తల విరిగి మొండెము లోపల నిలిచినప్పుడు ఎక్స్‌ట్రాక్టరుకై చేయి చాచుట పరిపాటి. ఆ కఠినమైన ఉక్కు పెళుసుదై లోననే విరిగినచో, దానిని సామాన్యపు డ్రిల్లు తొలువజాలదు. మొండెము పైకి కొంచెమైన కనబడుచున్నచో దానిపై నట్టునొకటి వెల్డింగు చేయుట మేలు. విప్పుటకు పట్టును, తుప్పును వదలించు వేడియును ఒక్కసారే లభించును.

ఇవన్నియు కాలముతో కూడిన పనులు. షెడ్డు బిల్లులో నానబెట్టిన కాలమునకు వేరుగా ఒక పద్దు వ్రాయుటయు, యజమాని దానిని బేరమాడక చెల్లించుటయు ఆచారము కావలెను. ఐ.టి.ఐ.లలో మోటారు మెకానికు విద్య నభ్యసించు కుర్రవానికి, శుభ్రమైన గేరుబాక్సును విప్పి బిగించుటతోపాటు, వానకు తడిసి తుప్పుపట్టిన పాతపెట్టె నొకదానినిచ్చి, ఒక్క బోల్టు తలయు చెడకుండ విప్పుమని పరీక్ష పెట్టవలెను. దానికి రెండు మూడు దినములు పట్టినను మార్కులు తగ్గింపరాదు.