ఎవరి ‘ఔను’ మోటు?

అమెరికాలో మిషిగన్ రాష్ట్రానికి ఉత్తరపు కొసన లేక్ సుపీరియర్ స్టేట్ యూనివర్సిటీ అని ఒకటుంది. 1976 నుంచి ఏటా కొత్త సంవత్సరం వేళకు బహిష్కృత పదాల జాబితా ప్రకటించడం దానికో వ్రతం. 2023 జాబితాలో ‘అబ్సొల్యూట్లీ’ మీద వేటు పడింది. 2025లో ‘హండ్రెడ్ పర్సెంట్’, ‘పీరియడ్’ వెలివాడకు పోయాయి. ఎదుటివాడి మాటకు గట్టిగా ఔననే మాటలే వీళ్ల కంట్లో ఎందుకింతగా పడుతున్నాయి? సరదాకు చేసే పనేనంటారు. వాడి వాడి అరిగిన మాట విసుగు పుట్టిస్తుందన్నదీ నిజమే. ఆ సరదా ఎవరి ఖర్చు మీద అన్నదే మా పేచీ.

గట్టిగా ఔననడం అమెరికాకు చాలావరకు నేర్పింది నల్లవారి చర్చి. అక్కడ పాస్టరు ఒక్కడే మాట్లాడడు. వాక్యం సగంలో ఉండగానే బల్లల మీంచి ‘ఆమెన్’, ‘టెల్ ఇట్’, ‘ప్రీచ్’ అని కేకలు లేస్తాయి. ఆ కేకను బట్టి ఆయన గొంతు పెంచుతాడు, ఆగుతాడు, అన్నదే మళ్లీ అంటాడు. వంతలు లేని బుర్రకథ ఎంత చప్పగా ఉంటుందో తెలిసినవాళ్లకు ఇంతకన్నా చెప్పక్కర్లేదు. 1963 ఆగస్టు 28న వాషింగ్టన్ సభకు మార్టిన్ లూథర్ కింగ్ రాసుకొచ్చిన ప్రసంగంలో ‘కల’ లేదు. ఆ కల సంగతి చెప్పమని గాయని మహాలియా జాక్సన్ కేకేసిందనీ, ఆయన కాగితాలు పక్కన పెట్టాడనీ అక్కడున్నవాళ్లు చెప్పారు. శ్రోత నోరు మూసుకు కూర్చోవడమే మర్యాద అనుకునే సభలో ఆ కల బయటికొచ్చేదా?

ఆ అలవాటు చర్చి గడప దాటి వీధికీ వచ్చింది. ‘రైట్ ఆన్’ 1960లలో బ్లాక్ పాంథర్ల నోట మోగింది. హిప్పీలు ఎత్తుకున్నాక ఫ్యాషనైంది. న్యూయార్క్ హిప్‌హాప్ కుర్రాళ్ల ‘వర్డ్’ సంగతీ అంతే. ‘పీరియడ్’కు చివర ‘ట్’ తగిలించి, ఇక మాట్లాడేదేం లేదని తేల్చిపారేసింది నల్లజాతి ఆడపిల్లలు. ఇవాళ ఇలాంటివన్నీ ‘జెన్ జీ భాష’ పేరుతో చలామణీ అవుతున్నాయి. పుట్టినప్పుడు మోటు మాట, తెల్లపిల్లల నోట ట్రెండు, అందరి నోటా నలిగాక బహిష్కారం. ఏ దశలోనూ పుట్టించినవాళ్ల పేరు మాత్రం రాదు. దీన్ని భాషాభిమానం అనమంటారా? దోచుకున్న సొమ్ము పాతబడిందని సొంతదారు మొహాన విసిరికొట్టడం ఇది.

అదే మిషిగన్‌లో, ఆ జాబితా మొదలైన మూడేళ్లకు, 1979లో ఒక తీర్పు వచ్చింది. ఆన్ ఆర్బర్ బడిలో నల్లజాతి పిల్లల ఇంటి భాషను పట్టించుకోకుండా చదువు చెప్పడం తప్పేనని జడ్జి చార్లెస్ జాయినర్ తేల్చాడు. జెనీవా స్మిదర్‌మన్ వంటి భాషావేత్తలు ఆ పిల్లల తరఫున సాక్ష్యం చెప్పారు. 1996 డిసెంబరులో కాలిఫోర్నియాలోని ఓక్లాండ్ స్కూలు బోర్డు ఆ భాషను గుర్తించబోతే దేశమంతా వెక్కిరించింది. ఆ భాషకూ నియమాలున్నాయని మరుసటి నెలలో లింగ్విస్టిక్ సొసైటీ ఆఫ్ అమెరికా తీర్మానం చేసినా వెక్కిరింత ఆగలేదు.

మనకిదేం కొత్త? గిడుగు వారికి ఏటా ఆగస్టు 29న దండలు వేసే మనమే, తెలంగాణ మాటను దశాబ్దాల పాటు సినిమాల్లో రౌడీకీ, హాస్యగాడికీ అప్పగించాం. డాలస్‌లోనో, న్యూజెర్సీలోనో స్థిరపడ్డ మనవాళ్లలో కొందరు ఆ తూకపు రాళ్లను వెంట పట్టుకెళ్లారు. ‘సరే’ననడానికి ‘బెట్’ అన్నందుకు, ‘నిజంగా’ అనడానికి ‘నో క్యాప్’ అన్నందుకు ఆ వీధి భాష మనింట్లో వద్దని పిల్లల్ని కసురుతారు. ఆ కసిరిన పెద్దమనిషే మర్నాడు ఆఫీసులో మేనేజరు మాట పూర్తి కాకముందే ‘డెఫినెట్లీ, డెఫినెట్లీ’ అంటూ తలాడిస్తాడు. అది మాత్రం కమ్యూనికేషన్ స్కిల్లట.