ఈ పెట్టె మీద ఆ ఆట ఆడుతుందా?

ఇంటర్ ఫలితాలు వచ్చి, ఇంజనీరింగు కాలేజీల్లో చేరికలు మొదలయ్యే రోజుల్లో మన గోదావరి జిల్లాల ఇళ్లల్లో ఒకటే మాట వినబడుతుంది: కంప్యూటరు కొనాలి. వెనకటికి సైకిలు, ఆ తరవాత మోటారు సైకిలు ఎలాగో ఇప్పుడిది అలాగ. ఎంతలో కొనాలన్నది నాన్నగారు చూస్తారు. ఏది కొనాలన్నది అబ్బాయి చెబుతాడు. డబ్బు మాత్రం చాలా ఇళ్లల్లో అమ్మ నెలనెలా కట్టిన చీటీలోంచి వస్తుంది. మరి ఆ అమ్మ పని "మనకేం తెలుసండీ, వాళ్లే చూసుకుంటారు" అని పక్కకి తప్పుకోవడమేనా?

తప్పుకోకూడదనే నేనంటాను. బంగారం కొట్లో తరుగెంత, మజూరీ ఎంత అని పది ప్రశ్నలు వేసి గానీ పర్సు తియ్యని మనం, పాతిక వేల రూపాయల కంప్యూటరు దగ్గరకొచ్చేసరికి నోరు మెదపం. కారణం తెలియకపోవడం కాదు, తెలుసుకోదగిన విషయం కాదనుకోవడం. అందులోనూ "ఆట" అనే మాట వినబడగానే ఇంట్లో రెండు పక్షాలు తయారవుతాయి. చదువుకా, ఆటలకా అని నాన్నగారు గొంతు పెంచుతారు. చదువుకే అని అబ్బాయి అబద్ధమాడతాడు. ఆ అబద్ధం మీదే బేరం నడుస్తుంది కాబట్టి, కొనవలసిన వస్తువేమిటో ఎవరూ సరిగ్గా అడగరు. చివరికి చదువుకి ఎక్కువా, ఆటకి తక్కువా అయిన పెట్టె ఒకటి ఇంటికొస్తుంది.

మా వీధిలో ఉండే వదినగారొకరు ఈ మధ్య ఇదే సమస్యతో వచ్చారు. కథలు కంప్యూటరు మీదే టైపు చేసుకుంటాను కదా, నాకు తెలుస్తుందని ఆవిడ నమ్మకం. అబ్బాయి బీటెక్‌లో చేరుతున్నాడు, కాలేజీ బస్సులో రోజూ వెళ్లివస్తాడు. రాజమండ్రిలో ఒక కొట్టువాడు 22 వేలకి పాత లాప్‌టాప్ ఇస్తానన్నాట్ట. ఆఫీసులవాళ్లు వాడి వదిలేసినది, తుడిచి, కొత్త సంచీలో పెట్టి అమ్ముతున్నాడు. "అన్ని గేములూ ఆడతాయమ్మగారూ" అని భరోసా కూడా ఇచ్చేడట. అబ్బాయి మనసు పడ్డ ఆట పేరు మార్వెల్ రైవల్స్. 2024 డిసెంబరులో వచ్చింది. ఆరుగురు ఆరుగురు జట్లుగా ఏర్పడి ఇంటర్నెట్టులో ఆడుకునే ఆట. ఆట ఉచితమే. ఖర్చల్లా దాన్ని ఆడించే పెట్టెకే.

ఇక్కడ అందరం తెలుసుకోవలసిన సంగతి ఒకటుంది. ప్రతి ఆటకీ తయారు చేసిన కంపెనీవాళ్లే ఒక పట్టిక ఇస్తారు. అందులో రెండు వరసలుంటాయి, "కనీసం" అని ఒకటి, "సిఫారసు" అని ఇంకొకటి. కనీసం అంటే సంబంధాలు చూసేటప్పుడు పెళ్లిళ్ల పేరయ్య "అబ్బాయికి ఉద్యోగం ఉందండీ" అన్నట్టు. ఉద్యోగం ఉన్నమాట నిజమే, జీతమెంతో తరవాత తెలుస్తుంది. కనీసం దగ్గర ఆట తెరుచుకుంటుంది, నడుస్తుంది, అంతే. బొమ్మల నాణ్యత బాగా తగ్గించుకోవాలి. గొడవ ముదిరినప్పుడు కాస్త తడబడుతుంది కూడా. హాయిగా ఆడాలంటే సిఫారసు వరస చూసుకోవాలి.

మార్వెల్ రైవల్స్‌కి కనీసం వరసలోనే 16 జీబీ ర్యామ్, జీటీఎక్స్ 1060 గానీ ఆర్ఎక్స్ 580 గానీ అనే విడి గ్రాఫిక్స్ కార్డు, 70 జీబీ ఖాళీ అడిగారు. వదినగారు చీటీ మీద రాసుకొచ్చిన లాప్‌టాప్ వివరాలు: ఐ5, 6వ తరం, 8 జీబీ ర్యామ్, విడి గ్రాఫిక్స్ లేదు. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే చాలు, ఇంజనీరు అక్కర్లేదు. ఆ పెట్టె మీద ఆ ఆట ఆడదు.

ఈ పేర్లన్నీ చూసి కంగారు పడకండి. వంటింటి భాషలో చెప్పుకుంటే, ప్రాసెసరు వంట చేసే చెయ్యి. ర్యామ్ గట్టు. గట్టు ఇరుకైతే ఎంత చెయ్యి తిరిగిన మనిషైనా ఒక గిన్నె దింపితే గానీ ఇంకోటి పెట్టలేదు. హార్డ్‌డిస్కు సామాన్ల గది; ఎస్ఎస్‌డీ అయితే ఆ గది వంటింటికి ఆనుకునే ఉన్నట్టు, పాతరకం డిస్కయితే పెరటి చివర ఉన్నట్టు. గ్రాఫిక్స్ కార్డు మాత్రం పెళ్లివంటకి విడిగా తెప్పించే గాడిపొయ్యి. రోజువారీ ఇంటి వంటకి దాంతో పనిలేదు. లెక్కలకీ, ప్రాజెక్టు రిపోర్టులకీ, పాఠాలు చూడడానికీ విడి గ్రాఫిక్స్ అక్కర్లేదు. ఇలాంటి ఆటలకే కావాలి. అందుకే "చదువుకే" అన్న అబద్ధం ఖరీదైనదని నేనంటున్నది.

కొట్లలో చెప్పే మాటల్లో రెండు మాయలున్నాయి. ఐ5 అనడం మొదటిది. 2011లో వచ్చినదీ ఐ5యే, 2018లో వచ్చినదీ ఐ5యే. ఆ పక్కనున్న అంకె చూడాలి. 6200 అంటే 6వ తరం, 8250 అంటే 8వ తరం. రెండోది "4 జీబీ గ్రాఫిక్స్ కార్డు వేసి ఇస్తాం" అనడం. జీబీ దాని బలం కాదు, దాని సంచీ మాత్రమే. జీటీ 730 అనే కార్డు 2014 నాటిది. దానికి 4 జీబీ సంచీ తగిలించినా కొత్త ఆటలు మొయ్యలేదు.

తరం ఎందుకు ముఖ్యమంటే ఇంకో కారణం కూడా ఉంది. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ వాళ్లు మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ఆపేశారు. విండోస్ 11 కావాలంటే, వాళ్ల లెక్క ప్రకారం, ఇంటెల్‌లో 8వ తరమూ ఆ పైవీ ఉండాలి, టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు కూడా ఉండాలి. పాత పెట్టెల మీద దొడ్డిదారిన విండోస్ 11 వేసి అమ్మేవాళ్లున్నారు. పైకి తేడా కనబడదు. కానీ వాలరెంట్ లాంటి ఆట, మోసగాళ్లని పట్టుకోవడానికని, విండోస్ 11 మీద టీపీఎం, సెక్యూర్ బూట్ రెండూ ఉన్నాయా అని తనే తనిఖీ చేస్తుంది. లేకపోతే తలుపు తియ్యదు. ఆ వాలరెంట్‌కి గ్రాఫిక్స్ బలం మాత్రం పెద్దగా అక్కర్లేదు. 2012 నాటి ఇంటెల్ లోపలి గ్రాఫిక్స్, 4 జీబీ ర్యామ్ ఉన్నా కనీసం కింద సరిపోతాయి. ఒకే పెట్టె ఒక ఆటకి చాలి, ఇంకోదానికి చాలకపోవడం ఇలా జరుగుతుంది. "గేములు ఆడుతుందా" అని అడిగితే కొట్టువాడు అవుననే అంటాడు. ఏ ఆట అని పేరు పెట్టి అడగాలి.

పోనీ ఈ ఒక్క ఆట కోసమే చూసుకుని కొందామా అంటే, ఇంటర్నెట్టు ఆటలకి స్థిరత్వం తక్కువ. ఇదివరకు సీడీ కొనుక్కుంటే ఆట మన బీరువాలో ఉండేది. ఇప్పుడది కంపెనీవాడి దగ్గర ఉంటుంది. మన పట్నాల్లో ఇంటర్నెట్ సెంటర్లు కళకళలాడిన రోజుల్లో కుర్రాళ్లు గంటలకి గంటలు ఆడిన కౌంటర్ స్ట్రైక్ సంగతే చూడండి. దాని 2012 రూపాన్ని తీసేసి 2023 సెప్టెంబరు 27న కౌంటర్ స్ట్రైక్ 2 పెట్టారు. 8 జీబీ ర్యామ్, 85 జీబీ ఖాళీ కావాలన్నారు. ముందురోజు దాకా ఆడిన పాత కంప్యూటర్లు ఎన్నో మర్నాటికి పనికిరాకుండా పోయాయి. పబ్జీ కథ మనందరికీ తెలిసిందే. ఫోన్లలో ఆడే ఆ ఆటని 2020 సెప్టెంబరు 2న మన ప్రభుత్వం నిషేధించింది. 2021 జులైలో బీజీఎంఐ అని పేరు మార్చుకుని వచ్చింది. 2022 జులైలో అదీ పోయింది, 2023 మేలో మళ్లీ వచ్చింది. ఆ ఆట కోసమని ఖరీదైన ఫోన్లు కొనిపించుకున్న పిల్లలు మధ్యలో ఏం చేసుంటారో ఊహించుకోవచ్చు.

"ఇప్పటికి 8 జీబీతో కొనేసి, తరవాత ర్యామ్ పెంచుకుందాంలే" అన్న సలహా కూడా ఇదివరకంత మంచిది కాదు. 2025 చివర్లో మెమరీ చిప్పుల ధరలు ఒక్కసారిగా పెరిగాయి. కృత్రిమ మేధ కోసం కట్టే పెద్దపెద్ద డేటా సెంటర్లే వాటిని కొనేస్తుండటం ముఖ్య కారణం. ఎక్కడో అమెరికాలో కట్టే సెంటరుకీ, మన వదినగారి చీటీ డబ్బుకీ సంబంధం ఉందంటే నవ్వొస్తుంది గానీ, ఉంది. పైగా పల్చటి లాప్‌టాప్‌లు కొన్నింటిలో ర్యామ్ అతికించేసి ఉంటుంది, పెంచుకోవడానికి వీలే ఉండదు. పెంచుకునే వీలున్నచోట, విడి కార్డు లేని పెట్టెల్లో 16 జీబీ ముక్క ఒకటి కాకుండా 8 జీబీ ముక్కలు రెండు వేయిస్తే ఆటలు మెరుగ్గా నడుస్తాయి. ఇది ఖర్చు లేని కిటుకు.

నేను వదినగారికి చెప్పింది, లాప్‌టాప్ ఆలోచన మానుకోమని. అబ్బాయి హాస్టల్లో ఉండడం లేదు కదా, టేబుల్ మీద పెట్టుకునే కంప్యూటరు పాతది తీసుకుంటే అదే డబ్బుకి బలమైన పెట్టె వస్తుంది. రాజమండ్రి, కాకినాడల్లో దొరక్కపోతే సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటరుంది, బంధువులెవరైనా అటు వెళ్తే చూడమనొచ్చు. దానికీ జాగ్రత్తలున్నాయి. ఆఫీసుల్లో వాడిన సన్నటి డబ్బాల్లో పెద్ద గ్రాఫిక్స్ కార్డు పట్టదు, పట్టినా దాన్ని నడిపే పవర్ సప్లై అందులో ఉండదు. కార్డు ఒక్కటే చవగ్గా దొరికిందని తెచ్చుకుంటే బీరువాలో దాచుకోవాలి. పాత ఆర్ఎక్స్ 580లు చాలావరకు క్రిప్టో నాణేల తవ్వకంలో రాత్రింబవళ్లు కాలినవి. 1060కి కొత్త ఆటల కోసం ఇచ్చే డ్రైవర్లని కంపెనీ 2025 అక్టోబరుతో ముగించింది. అంటే ఇవాళ ఆడుతుంది, మూడేళ్ల తరవాత వచ్చే ఆటకి హామీ లేదు. ఆ సంగతి అబ్బాయికి ముందే చెప్పి కొనాలి.

కొట్లో నిలబడి చూడవలసినవి కూడా మనం చూడగలిగినవే. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు మూడూ ఒకేసారి నొక్కితే టాస్క్ మేనేజరు వస్తుంది. అందులో ప్రాసెసరు పేరు, ర్యామ్ ఎంత, గ్రాఫిక్స్ ఏమిటి అన్నీ ఉంటాయి. వెళ్లేముందు ఇంటి దగ్గరే యూట్యూబ్‌లో ఆ ప్రాసెసరు పేరూ, కార్డు పేరూ, ఆట పేరూ కలిపి వెతికితే అలాంటి పెట్టె మీదే ఎవరో ఒకరు ఆడి చూపించి ఉంటారు. మూలన ఎఫ్‌పీఎస్ అని ఒక అంకె ఉంటుంది. 60 దగ్గరుంటే బాగు. 20లోకి దిగితే బొమ్మ కుంటుతుంది. కొట్లో ఒక అరగంట ఏదైనా ఆట ఆడించమనండి, పెట్టె వెనక చెయ్యి పెట్టి వేడి చూడండి. మొహమాటపడకండి, చీర మడత విప్పించి చూడమూ?

పెట్టె ఎంత బలమైనదైనా, నెట్టు బలహీనమైతే ఆట సాగదు. ఇక్కడ వేగం కన్నా ఆలస్యం ముఖ్యం, దాన్ని పింగ్ అంటారు. మన మాట ముంబయి సర్వరు దాకా వెళ్లి తిరిగి రావడానికి పట్టే కాలం అన్నమాట. వైరు కనెక్షను ఉన్నవాళ్లకి తేలిక. ఫోను హాట్‌స్పాట్ మీద ఆధారపడితే, తుపాకీ పేల్చాక గుండు వెళ్లేలోపు అవతలివాడు నడిచి వెళ్లిపోతాడు. వేసవిలో కరెంటు కోతలకి చిన్న యూపీఎస్ ఒకటి తప్పదు. దాని ఖరీదు కూడా ముందే లెక్కలో వేసుకోవాలి.

ఉచితం అన్న ఆటలోనూ అంగడి ఉంటుంది. పాత్రలకి వేషాలు, తుపాకులకి రంగులు అమ్ముతారు. తుపాకీకి పట్టుచీర కట్టినట్టే, దాంతో గెలుపు రాదు. నాన్నగారి కార్డు నెంబరు అందులో దాచిపెట్టకుండా చూసుకుంటే చాలు. డబ్బు పందేల ఆటలు వేరే జాతి. వాటిని మన రాష్ట్రం 2020లోనే నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం దేశమంతటా నిషేధించి, ఈ-స్పోర్ట్స్‌ని వాటి నుంచి విడదీసింది. రెండింటినీ ఒకే గాటన కట్టి పిల్లల్ని తిట్టడం న్యాయం కాదు. 2023 హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో ఈ-స్పోర్ట్స్‌కి పతకాలు కూడా ఇచ్చారు. అలాగని మీ అబ్బాయి పతకం తెస్తాడని పెట్టె కొనకండి.

ఇంతకీ వదినగారింట్లో డిగ్రీ చదువుతున్న అమ్మాయి కూడా ఉంది. ఇంత చర్చ జరిగినా ఆ పిల్లకేం కావాలని ఒక్కరూ అడగలేదు. నేనడిగితే, అకౌంట్స్ నేర్చుకోవడానికి కంప్యూటరు కావాలనీ, తమ్ముడి ఫోనులో తనూ అప్పుడప్పుడు ఆడుతుంటాననీ మెల్లిగా చెప్పింది. మైకు మాత్రం ఆన్ చెయ్యదట. ఆడపిల్ల గొంతు వినబడగానే అవతలివాళ్లు మొదలుపెట్టే మాటలు అలా ఉంటాయట. మాటలు మూయించే మీట, ఫిర్యాదు చేసే మీట ఆటలోనే ఉంటాయి. అవి ఎక్కడున్నాయో అక్కకీ తమ్ముడికీ ఇద్దరికీ తెలిసుండాలి. అలాంటి మాటలనే జట్టులో మన అబ్బాయి లేడుకదా అన్నది కూడా తల్లి తెలుసుకోవలసినదే.

లాప్‌టాప్ అయితే అది తమ్ముడి సంచీలో తమ్ముడితో వెళ్లిపోతుంది. హాల్లో టేబుల్ మీద ఉన్నదానికి వేళలు పంచుకోవచ్చు. పగలు అబ్బాయి కాలేజీలో ఉన్నంతసేపూ అమ్మాయిది, రాత్రి భోజనాలయ్యాక తొమ్మిదింటి దాకా వాడి ఆట. వదినగారు చివరికి ఆ పద్ధతికే ఒప్పుకున్నారు. బిల్లు మాత్రం తన పేరు మీద రాయించుకోమన్నాను. ప్రాసెసరు నెంబరు, కార్డు నెంబరు, ర్యామ్ ఎన్ని ముక్కలు, ఎన్నాళ్ల గ్యారంటీ, అన్నీ ఆ బిల్లు మీదే రాయించమన్నాను. రాయనన్న కొట్లో కొనొద్దన్నాను.