ఆవకాయ పాళ్ళు – బాయిలరు గొట్టాలు



కిందటి వేసవి సెలవుల్లో మనవణ్ణి వెంటబెట్టుకుని, రాయచూరు దగ్గర శక్తినగరంలో ఉంటున్న మా చెల్లెలి ఇంటికి వెళ్ళాను. వాళ్ళబ్బాయి అక్కడి థర్మల్ కేంద్రంలో బాయిలరు పని చూస్తాడు. కృష్ణ ఒడ్డున ఆ పొగగొట్టాలు చూసి మావాడు అడిగాడు: "మామయ్యా, అంత మంటలో ఇనప గొట్టాలు కరిగిపోవా?"

"కరుగుతాయని కాదురా మా భయం, పగులుతాయని" అన్నాడు వాడు.

ఆ కేంద్రంలో మొదటి యూనిట్ 1985లో మొదలైంది. 2010 నాటికి ఎనిమిదయ్యాయి. మొత్తం 1720 మెగావాట్లు. ఇలాంటి బాయిలర్లలో ఆవిరి వేడి 540 డిగ్రీల దాకా ఉంటుంది. గొట్టం పగిలితే కరెంటు ఆగడం ఒక్కటే కాదు, పక్కన మనిషి ఉంటే ప్రాణం మీదికొస్తుంది.

అందుకే వేడి ఎక్కువ తగిలేచోట ఉక్కులో రెండుంపావు శాతం క్రోమియం, ఒక శాతం మాలిబ్డినం కలుపుతారట. క్రోమియం పైన చిట్టెం కట్టనివ్వదు. మాలిబ్డినం వేడికి గొట్టం మెల్లగా సాగిపోకుండా పట్టి ఉంచుతుంది.

"ఇంకాస్త ఎక్కువ కలిపితే ఇంకా గట్టిపడదా?" అన్నాను.

"గట్టిదనం వేరు, పగులును ఆపే గుణం వేరు పెద్దమ్మా. గాజు గట్టిదే కదా! గీత పడితే నిలుస్తుందా?" అన్నాడు. ఉక్కులో రవ్వంత భాస్వరం మిగిలినా, ఏళ్ళ తరబడి వేడిలో ఉంటే అది రేణువుల అంచులకు చేరి లోహాన్ని పెళుసు చేస్తుందట.

2004లో తైవాన్‌లో యే, ఇంగ్లండులో కాంటర్ ఎవరికి వారే కొత్త దారి చూపారు. ఒక లోహంలో చిటికెడు మరొకటి కాకుండా, నాలుగైదు లోహాలు ఇంచుమించు సమపాళ్ళలో కలపడం. వీటిని హై ఎంట్రపీ మిశ్రలోహాలంటారు. వీటి మీద 2014లో వచ్చిన పుస్తకాన్ని యేతో కలిసి రాసినవారు ఎస్. రంగనాథన్ గారు, 2019లో హైదరాబాదు ఐఐటీ డైరెక్టరైన బి.ఎస్. మూర్తి గారు.

క్రోమియం, కోబాల్టు, నికెల్ కలిసిన లోహం సున్నాకు దిగువన 253 డిగ్రీల చలిలోనూ పగులుకు అద్భుతంగా ఎదురు నిలిచిందని 2022లో తేలింది. వేడిలో కథ వేరు. క్రోమియం, మాంగనీసు, ఇనుము, కోబాల్టు, నికెల్ కలిసిన లోహాన్ని 500 డిగ్రీల్లో 500 రోజులుంచితే లోపల లోహాలు విడిపోయి వేరు కుంపట్లు పెట్టుకున్నాయి! మాంగనీసు తీసేసి అల్యూమినియం కొద్దిగా వేస్తే బలం వస్తుంది. మోతాదు మించితే అణువుల అమరికే మారి పెళుసవుతుంది.

నాకు ఆవకాయ గుర్తొచ్చింది. కలిపిన రోజు ఏ జాడీ అయినా ఘుమఘుమలాడుతుంది. ఉప్పు చాలలేదని తెలిసేది వానాకాలంలో బూజు పట్టినప్పుడే. గొట్టానికీ అంతే. కొత్తలో ఎంత బలమని కాదు, ఏళ్ళ తరబడి వేడి తిన్నాక పగులును ఎంత ఆపుతుందని చూడాలి.