అదను తప్పిన చదువు

జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి ప్రాంతములలో పెండ్లిమాటలకు పోయినవారికి ఈ నడుమ ఒక క్రొత్తమాట వినవచ్చుచున్నది: "అబ్బాయి లండనులో ఫైనాన్సు చదువుతున్నాడు. ఒక్క యేడాదే." ఆ 'ఒక్క యేడాదే' యనుమాటతోనే మాకు పేచీ. చదువుతో గాదు. విదేశయానము దోషమని చెప్పినవారి కాలము గతించినది. వారితో మాకు పొత్తులేదు.

హనుమకొండకు పోయి కన్సల్టెన్సీ గడప త్రొక్కిన తండ్రికి ఏమి చెప్పుదురు? రెండేండ్ల చదువు ఒక యేటిలో ముగియునందురు, ఫీజు సగము మిగులునందురు, పిదప ఉద్యోగము వెదకికొనుటకు గడువున్నదందురు. ఈ మూడును అబద్ధములు గావు. అందుచేతనే అవి ప్రమాదకరములు. ఆ యేజంటునకు అక్కడి విశ్వవిద్యాలయము కమీషను చెల్లించునను సంగతియు, అది విద్యార్థి చేరినందులకే గాని ఉద్యోగము దొరికినందులకు గాదను సంగతియు తండ్రికి ఎవరును చెప్పరు.

మహబూబాబాదు రైతునకు మిరపనారు ఎప్పుడు పోయవలయునో, ఎప్పుడు నాటవలయునో తెలియును. అదను దాటిన పిమ్మట ఉచితముగ ఇచ్చినను ఆతడు నారు పుచ్చుకొనడు. అట్టి రైతే కుమారుని చదువునకు వచ్చునప్పటికి ఉద్యోగములకును ఒక అదనున్నదా యని అడుగడు. ఉన్నది. లండనులోని పెద్ద బ్యాంకులును, లెక్కల తనిఖీ సంస్థలును మఱుసటి సంవత్సరము చేరవలసినవారి కొఱకు ఆగస్టు, సెప్టెంబరు నెలలలోనే దరఖాస్తులు తీసికొన మొదలిడును. పెక్కు సంస్థలు వచ్చినవానిని వచ్చినట్లే పరిశీలించి, స్థలములు నిండగనే తలుపు మూయును. నవంబరు నాటికి ముఖ్యమైనవి చాలవఱకు ముగిసిపోవును. మన పిల్లవాడు విమానము దిగునది సెప్టెంబరు నడుమ. గది వెదకవలె, బ్యాంకు ఖాతా తెరువవలె, చలికోటు కొనవలె, వారమునకు ఇరువది గంటలకు మించకుండ కూలి పని చూచుకొనవలె. మొదటి పరీక్షలు సాధారణముగ జనవరిలో. అనగా, ఏ చదువునకై ఇల్లు కుదువపెట్టినారో ఆ చదువులో ఒక్క మార్కయిన చేతికి రాకమునుపే ఉద్యోగపు దరఖాస్తుల కాలము దాటిపోవుచున్నది.

రెండవ ద్వారము వేసవి శిక్షణ. పెద్ద బ్యాంకులు తమ ఉద్యోగులలో పెక్కుమందిని ముందటి వేసవిలో తమకడ పనిచేసినవారినుండియే ఏరుకొనును. అది ఇంకను ఒక యేడు చదువు మిగిలినవారికి ఉద్దేశించినది. ఒక్క యేటి విద్యార్థికి నడుమ వేసవి యెక్కడిది? ఆతని వేసవి పరిశోధనవ్యాసమునకే సరిపోవును. ఫీజు తగ్గించిన ఆ పొట్టితనమే ఉద్యోగమార్గమును కూడ తెగగొట్టినది!

ఇక చట్టము సంగతి. చదువు ముగిసిన వెనుక రెండేండ్లు ఉండవచ్చునను వీసా 2021 జూలైలో ఆరంభమైనది. 2027 జనవరి 1 మొదలుగ దరఖాస్తు పెట్టుకొను మాస్టర్సు పట్టభద్రులకు దానిని 18 నెలలకు కుదించుచు ఆ ప్రభుత్వము 2025లో నిర్ణయించినది. ఆ పిమ్మట నిలువవలెనన్న జీతము చూపవలయును. 26,200 పౌనులుగ నుండిన సామాన్యపు హద్దు 2024 ఏప్రిలులో 38,700, 2025 జూలైలో 41,700 ఆయెను. క్రొత్తగ పనిలో చేరువారికి సడలింపు గలదు, గాని అదియు 33,400. ఆ జీతమిచ్చుటయేగాక వీసా భారమును మోయ నంగీకరించు యజమాని దొరకవలయును. దరఖాస్తు పత్రమునందే 'మీకు వీసా సహాయము కావలయునా?' యను ప్రశ్న యుండును. 'అవును' అన్నచోట ఎన్ని పత్రములు ప్రక్కకు పోవుచున్నవో అక్కడ చదివివచ్చినవారిని అడిగి తెలిసికొనవచ్చును.

సొమ్ము మాట చెప్పవలెనా? ఫీజే పదునైదువేల పౌనులు మొదలు నలుబదివేల పైచిలుకు. తక్కువదానిని తీసికొన్నను పదునాఱు లక్షల రూపాయలకు పైమాటే. తొమ్మిది నెలల వ్యయమును 28 దినములపాటు ఖాతాలో నిలిపి చూపవలయును. ఆ చూపుడు సొమ్మునకు వడ్డీ వేరు. ఏడున్నర లక్షలు దాటిన అప్పునకు బ్యాంకులు సాధారణముగ ఆస్తి తాకట్టు కోరును. జనగామ ప్రక్క పల్లెలో అది రెండెకరముల చెలక; భూపాలపల్లిలో గని కార్మికుని భవిష్యనిధి. భూమికి క్రింద ముప్పదియేండ్లు పనిచేసి కూడబెట్టినదానిని, సెప్టెంబరునకును నవంబరునకును నడుమనున్న ఎనిమిది వారములపై ఒడ్డుచున్నారు. తెలంగాణ ప్రభుత్వము దళిత, గిరిజన, వెనుకబడిన, మైనారిటీ వర్గముల విద్యార్థులకు విదేశవిద్యకై 20 లక్షల వఱకు సాయము చేయుచున్నది. మేము దానిని మెచ్చుకొనుచున్నాము. ఆ సాయము దొరకనివానిదే మా చింత.

'దొరకినవారు లేరా?' యందురు. ఉన్నారు. వారిలో చాలమంది హైదరాబాదులో రెండుమూడేండ్లు పనిచేసి, ఏదో యొక వృత్తిపరీక్ష దాటి, విమానమెక్కకమునుపు ఆగస్టులోనే దరఖాస్తులు పంపినవారు. బి.కాం. ఫలితములు వచ్చిన వేసవిలోనే పెట్టె సర్దుకొన్నవాడు వారితో పోల్చుకొనరాదు. ఇంటికడనే మార్గములు లేకపోలేదు. చార్టర్డ్ అకౌంటెంటు శిక్షణాకాలమును 2023లో మూడేండ్లనుండి రెండేండ్లకు తగ్గించినారు. ఆ రెండేండ్లును కొద్దియో గొప్పయో భృతి వచ్చును. అది కఠినమైన పరీక్ష, తప్పినవారే యెక్కువ. ఐనను తప్పినవాని పొలము పొలముగనే యుండును.

ఒక మాట ప్రక్కగ చెప్పుచున్నాము. అదే యింట, అదే బి.కాం.లో అన్నకంటె ఎక్కువ మార్కులు తెచ్చుకొన్న ఆడుపిల్లను హనుమకొండ హాస్టలునకు పంపుటకు దూరమని వెనుదీసినవారే, అన్నకు లండను దగ్గరయని తలచుచున్నారు. కుమారుని ఆ యేడు కట్నపు లెక్కలో తిరిగి వచ్చునని నమ్మియే అట్లు చేయుచున్నారని మేము నిష్ఠురముగనే యనుచున్నాము.

కన్సల్టెన్సీకి పోవు తండ్రులారా, మూడు ప్రశ్నలడుగుడు. ఈ తరగతిలో నిరుడు చేరిన భారతీయులలో ఎందఱు ఫైనాన్సు పనిలోనే కుదిరిరి? వారిలో ఎందఱికి యజమాని వీసా ఇచ్చెను? మా పిల్లవాడు మొదటి దరఖాస్తు ఏ తేదీన పంపవలయును? బదులు వ్రాతలో తీసికొనుడు. మూడవ ప్రశ్నకు 'అక్కడికి వెళ్లిన తరువాత చూచుకొనవచ్చును' అన్నచో, దస్తావేజులు సంచిలోనే యుంచుకొని సాయంకాలపు బస్సునకు ఇంటికి రండు.