బాదం చెట్టును బతకనివ్వండి
హైదరాబాద్‌లో దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా మెట్రో వంతెన కింద దొరికేది కాంక్రీటు నీడే. కొత్తపేట, చైతన్యపురి గల్లీల్లోకి తిరిగితే మాత్రం పాత ఇళ్ల గోడల మీదుగా అంతస్తులు అంతస్తులుగా కొమ్మలు చాపిన బాదం చెట్లు ఇంకా అక్కడక్కడా కనిపిస్తాయి. అండమాన్ నుంచి పసిఫిక్ దీవుల దాకా సముద్రపు ఒడ్డున తనంతట తాను పెరిగే చెట్టిది. కాయలోని బెండులాంటి పీచు దాన్ని ఉప్పునీటి మీద తేలుస్తూ కొత్త తీరాలకు చేరుస్తుంది. నేల మీద ఆ పని గబ్బిలాలది. రాత్రిపూట పండు తెంపుకుపోయి, గుజ్జు తిని, గింజను ఎక్కడో జారవిడుస్తాయి. రాయితో కాయ పగలగొట్టిన పిల్లలకు తెలుసు, లోపలి పప్పు చుట్ట చుట్టుకుని ఉంటుందని. దుకాణంలో కొనే బాదం గులాబీ కుటుంబానిది. ఇదేమో మద్ది, తాని, కరక్కాయలకు చుట్టం. ఎండలు ముదిరేలోపు దీని ఆకులు ఎర్రబారి రాలతాయి. ఆ ఆకులు ఊడ్వలేక చెట్టునే నరికించడం నాకు మింగుడుపడదు. అనుమతి లేకుండా చెట్టు కొట్టకూడదని నీరు, భూమి, చెట్ల రక్షణకు తెచ్చిన 2002 నాటి వాల్టా చట్టం చెబుతోంది. ఆకులు గుంతలో వేస్తే ఎరువవుతాయి. పాత ఇల్లు కూల్చి అపార్ట్‌మెంట్ కట్టేవాళ్లు ప్లాన్ గీసేటప్పుడే చెట్టున్న మూలను వదిలేయాలి, కాలనీ సంఘాలు అందుకు గట్టిగా పట్టుబట్టాలి.