బోటుకు పోటు, నడకకు పాటు

కాకినాడలో ఉంటున్నందుకు, సెలవులొస్తే చుట్టాలకు కోరింగ మడ అడవి చూపించే పని నాది. చాలామంది భోజనాలయ్యాక తీరిగ్గా బయల్దేరదామంటారు. చెక్కవంతెన మీద కాసేపు తిరిగి, ఫొటోలు దిగి, ‘ఒక్క జంతువూ కనబడలేదే’ అని పెదవి విరుస్తారు. వాళ్లననేం లాభం? మడ అడవికి ఏ వేళప్పుడు వెళ్లాలో చెప్పేవాళ్లుండాలి కదా!

1978లో అభయారణ్యమైన ఈ 235 చదరపు కిలోమీటర్లలో వేళలు నిర్ణయించేది సముద్రమే. రోజుకు రెండుసార్లు పోటు వస్తుంది, రెండుసార్లు పాటు తీస్తుంది. మర్నాటికి ఆ వేళలు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతాయి. నిండు పోటులో నడిస్తే కనబడేవి నీళ్లూ ఆకులే. పాటు తీశాక అక్కడే నిలబడి చూడండి. తెల్లమడ చుట్టూ బురదలోంచి మేకుల్లా వేళ్లు పొడుచుకొచ్చి ఉంటాయి, గాలి పీల్చుకోవడానికి. వేలెడంత చేప ముందు రెక్కలే కాళ్లుగా చేసుకుని బురద మీద పాకుతుంది. మగ పీత తన పెద్ద డెక్కను పైకెత్తి ఆడిస్తుంది. ఎవరైనా వంతెన మీద దబదబా నడిచారా, అన్నీ క్షణంలో బొరియల్లోకి దూరిపోతాయి. ఇక బావురుపిల్లి ఎక్కువగా రాత్రి వేటాడేది. పగటిపూట బురదలో దాని అడుగుజాడ కనిపించినా అదృష్టమే.

పాటులో బోట్లు తిరగడం కష్టం కదా అంటారు. నిజమే. అందుకే బోటుకు పోటు, నడకకు పాటు. కాకినాడ రేవుకు పోటుపాటుల పట్టిక ముందుగానే తయారై ఉంటుంది. ఆ రోజు వేళలు టికెట్ల కౌంటర్ దగ్గర పెద్దక్షరాలతో రాసిపెట్టడానికి ఓ బోర్డు, సుద్దముక్క చాలు. పత్రికలు సూర్యోదయం, సూర్యాస్తమయాల పక్కన వేస్తే మరీ మంచిది. ఏ కాలువలో ఎప్పుడు నీరు తీస్తుందో పట్టిక చూడకుండా చెప్పగల మత్స్యకారులు ఆ చుట్టుపక్కల ఊళ్లలోనే ఉన్నారు. దారి చూపే పని, దానికి తగ్గ కూలి వాళ్లకే దక్కాలి.

వేళ చూసుకుని బయల్దేరడం మనకేమీ కొత్త అలవాటు కాదు. పుష్యమాసంలో చొల్లంగి అమావాస్యకు జనం తిథి చూసుకునే కదా సముద్రస్నానానికి వస్తారు! అమావాస్యకు, పున్నమికి పోటూ ఎక్కువే, పాటూ ఎక్కువే. స్నానానికి పంచాంగం తిరగేసేవాళ్లం, అడవికి వెళ్లేముందు ఓసారి నీటి వేళ కనుక్కోలేమా?